నిలిచిన చోటు తెలిసిననే దిక్కు తెలియును

మన పాఠశాల పత్రికలో ఉపాధ్యాయులు వ్రాయు వ్యాసములు సామాన్యముగా భాషను గూర్చియో, సత్ప్రవర్తనమును గూర్చియో ఉండును. ఈ పర్యాయము మేము మిద్దెమీది డిష్షును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. తెలుగు పాఠములు చెప్పు పంతులుకు డిష్షుతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. తుదివరకు చదివిన పిమ్మట నవ్వుదురుగాక యని మా మనవి.

మన పిల్లల యిండ్లలో పెక్కింటికి తెలుగు మాట వచ్చు త్రోవలు రెండే. ఒకటి పెద్దల నోరు. రెండవది టెలివిజను పెట్టె. వీధిలో తమిళము, అంగడిలో తమిళము, కార్యాలయములో తమిళమో ఇంగ్లీషో. ఇది నింద కాదు. మనము నివసించు నగరపు స్థితి. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలమంది. ఇందరున్నను, సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఇంటిలో తెలుగు వార్తలు వినబడుట కొన్ని కుటుంబములకు డిష్షుపైననే ఆధారపడియున్నది.

2023 డిసెంబరు మొదటి వారమున మిచాంగ్ తుపాను మన నగరమును ముంచినప్పుడు, మా తరగతి విద్యార్థి యొకని యింటిమీది డిష్షు గాలికి తిరిగిపోయెను. నీరు తీసిన కొన్నాళ్లకు ఆ బాలుని అవ్వ పాఠశాల గుమ్మమున మాకు కనబడి, "అయ్యవారూ, పెట్టెలో తెలుగు పోయింది. మా మనవడు మీ దగ్గర ఏదో ముల్లున్న పెట్టె ఉన్నదంటున్నాడు, ఇప్పించండి" అని యడిగెను. ఆమె కోరినది మా ప్రయోగశాలలోని దిక్సూచిని. ఆ బాలుడు దానిని తీసికొనిపోయి, తండ్రి సాయముతో ఒక్క పూటలో డిష్షును సరిచేసెను. ఆ పూట ఆ యింట జరిగినది ప్రతి యింటను జరుగవలెననుటయే మా అభిప్రాయము. డిష్షును దిక్సూచితో గురిపెట్టుట మన ఉన్నత పాఠశాలలో పాఠముగా నేర్పవలెను, తెలుగులోనే నేర్పవలెను, చెన్నై లెక్కతో నేర్పవలెను. ఈ మూడవ మాటను గట్టిగా చెప్పుటకు కారణము మా స్వంత పొరపాటు. దానిని ముందుగా ఒప్పుకొనుట న్యాయము.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది బెజవాడలో. అచ్చట బసచేసిన యింటిలో డిష్షు పెట్టుట చూచి, దిశ 141 డిగ్రీలు, ఎత్తు 65, 66 డిగ్రీల నడుమ అని నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. ఉద్యోగమునకై చెన్నై వచ్చి, అద్దెయింటి మిద్దెమీద మేమే డిష్షు నిలుపబూనితిమి. పుస్తకము తెరచి, దిక్సూచిని డిష్షు ఇనుప కాడమీదనే పెట్టి, 141 చూచి బిగించితిమి. పెట్టెలో ఏమియు రాలేదు. మరునాడును రాలేదు. మూడవనాడు తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాడొకడు ట్యూషనుకై వచ్చి, మా తంటాలు చూచి, "అయ్యా, ఈ అంకెలు ఏ ఊరివి?" అని యడిగెను.

మాకు సిగ్గు కలిగెను. అంకెలు బెజవాడవి, మేము నిలిచినది చెన్నైలో. ఉపగ్రహము ఒక్కటే, చూచు చోటు మారిపోయెను. నాడే ఆ బాలుడును మేమును అట్లాసు ముందు పెట్టుకొని కూర్చుంటిమి.

విద్యార్థులారా, లెక్క యిట్లు సాగును. దూరదర్శన్‌వారి ఉచిత ప్రసారము 2004 డిసెంబరులో ఆరంభమయ్యెను. ఇప్పుడు దానిని డి.డి. ఫ్రీ డిష్ అందురు. నెలసరి రుసుము లేదు. సప్తగిరి, యాదగిరి అను రెండు తెలుగు ప్రసారములును అందులో గలవు. దీనిని మోయునది జీశాట్-15 అను మన ఉపగ్రహము. 2015 నవంబరులో ప్రయోగింపబడినది. భూమధ్యరేఖకు మీదుగా సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీల కడ నుండును. భూమి ఎంత వేగముగా తన చుట్టు తాను తిరుగునో ఉపగ్రహము అంత వేగముగానే భూమి చుట్టు తిరుగుటచేత మనకు కదలనట్లు తోచును. కావుననే డిష్షును ఒకసారి సరిగా బిగించిన చాలును.

చెన్నై అక్షాంశము ఉత్తరము 13 డిగ్రీల 5 నిమిషములు. రేఖాంశము తూర్పు 80 డిగ్రీల 15 నిమిషములు. ఉపగ్రహపు రేఖాంశమునకును మనదానికిని భేదము 13 డిగ్రీల 15 నిమిషములు. ఈ భేదపు టాంజెంటును మన అక్షాంశపు సైనుతో భాగించిన సుమారు 1.04 వచ్చును. అది 46 డిగ్రీల టాంజెంటు. ఉపగ్రహము మనకు దక్షిణమునుండి అంతమేర తూర్పునకు జరిగియున్నదన్నమాట. 180 నుండి 46 తీసివేయగా 134. ఉత్తరమును సున్నగా నెంచి, తూర్పు 90, దక్షిణము 180గా లెక్కించు ఈ కోణమును దిగంశమందురు. పదవ తరగతి త్రికోణమితి వచ్చినవారెవరైనను ఈ లెక్క చేయగలరు. బెజవాడకు ఇదే లెక్క వేసిన 141 వచ్చును. మా నోటుపుస్తకము అబద్ధమాడలేదు. మేమే దానిని తప్పు ఊరిలో తెరచితిమి.

క్షితిజమునుండి పైకి కొలుచు కోణము ఉన్నతాంశము. చెన్నై నుండి ఈ ఉపగ్రహమునకు అది సుమారు 68 డిగ్రీలు. అనగా అది నడినెత్తికి 22 డిగ్రీల దూరముననే యున్నది. కావున ఎదుటి యింటి గోడ డిష్షుకంటె పది యడుగుల ఎత్తున్నను, నాలుగడుగులకు మించి దూరమున్నచో అడ్డము కాదు. ఇరుకు వీధులలో నుండువారు ఈ విషయము తెలియక నిరాశపడుచున్నారు.

ఇక దిక్సూచి సంగతి. దాని ముల్లు చూపునది అయస్కాంతపు ఉత్తరమేగాని నిజమైన ఉత్తరము కాదు. రెండింటి నడుమ గల కోణమునకు దిక్పాతమని పేరు. చెన్నైలో ఇది స్వల్పము; ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పడమరకు. కాబట్టి మన లెక్కలోని 134 దిక్సూచి పలకమీద ఇంచుమించు 135గా కనబడును. 135 అనగా తూర్పునకును దక్షిణమునకును సరిగా నడుమ, ఆగ్నేయము. వంటయిల్లు ఆగ్నేయమున నుండవలెనని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు గదా. ఆ మూలను ఎరిగిన అవ్వ ఉపగ్రహపు దిక్కును సగము ఎరిగినట్లే. మిగిలిన సగము మనుమడు చెప్పవలెను.

దిక్పాతమును నమ్మలేనివారు స్వయముగా పరీక్షింపవచ్చును. చదునైన నేలమీద నిలువుగా పుల్ల నాటి, దాని చుట్టు వృత్తము గీసి, ఉదయము నీడకొన వృత్తమును తాకిన చోటును, సాయంకాలము మరల తాకిన చోటును గురుతు పెట్టి, రెంటిని కలిపిన తూర్పుపడమరల రేఖ వచ్చును. శంకుచ్ఛాయచే దిక్కులు తెలిసికొను ఈ పద్ధతి సూర్యసిద్ధాంతమున నున్నది. మన శిల్పులు గుడులకు, ఇండ్లకు దీనినే వాడిరి. ఆ రేఖతో దిక్సూచిని పోల్చి చూడుడు. ఖగోళము, అయస్కాంతము, రేఖాగణితము మూడును ఒక పుల్లయొద్ద కలియును.

పని క్రమమును సంగ్రహముగా చెప్పెదము. మొదట, డిష్షు నిలుపు గొట్టము తూకపుగుండుతో చూడగా నిట్టనిలువుగా నుండవలెను. గొట్టము వాలినచో డిష్షును ప్రక్కకు త్రిప్పినప్పుడు ఎత్తుకూడ మారిపోవును. రెండవది, దిక్సూచిని డిష్షుమీద పెట్టరాదు. ఇనుము ముల్లును లాగును. మా పొరపాటులో రెండవ భాగమిదియే. ఇనుప కాడలకు, నీళ్లతొట్టికి, స్కూటరుకు దూరముగా నిలిచి, చేతి కడియము, చేతి సెల్‌ఫోను ప్రక్కన బెట్టి, 135 వైపున కనబడు గురుతు నొకదానిని, కొబ్బరిచెట్టో, గోపురమో, మేడ కొనయో, ఎన్నుకొనవలెను. గురుతు ఎంత దూరముననుండిన అంత మేలు. పిమ్మట డిష్షు వెనుకకు వచ్చి దాని కాడను ఆ గురుతు వైపునకు త్రిప్పవలెను.

మూడవది ఎత్తు. డిష్షు బిగింపువద్ద డిగ్రీలు చెక్కియున్నచో 68 కడ నిలుపుడు. ఇండ్లమీది చిన్న డిష్షులలో ఎల్.ఎన్.బి. నడుమ నుండక క్రిందివైపున నుండును. అట్టి డిష్షు చూచుటకు ఎదుటి మేడవైపు తిరిగినట్లుండును గాని, సుమారు పాతిక డిగ్రీలు అంతకు పైకి చూచుచుండును. ఈ రహస్యము తెలియక దానిని ఆకాశమువైపు మరింత వెల్లకిల వేయుట కొందరి పొరపాటు. నాలుగవది, తుది సవరణ. రెండడుగుల డిష్షు సుమారు మూడు డిగ్రీల వెడల్పు గల ఆకాశమును మాత్రమే చూడగలదు. దిక్సూచి మనలను ఆ వాకిటివరకు తెచ్చును. లోపలికి పోవుట మన ఓపిక. వ్రేలెడైనను కాదు, గింజంత గింజంతగా త్రిప్పుచు, త్రిప్పినప్పుడెల్ల నాలుగు క్షణము లాగి, పెట్టె తెరమీద సిగ్నలు నాణ్యత చూపు గీత పెరుగుచున్నదా యని ఇంటిలోనివారిని అడుగవలెను. ఎల్.ఎన్.బి.ని సయితము అటునిటు కొంచెము త్రిప్పి, ఆ గీత గరిష్ఠమైన చోట బిగింపవలెను.

ఒక్క డిగ్రీ తప్పిన నేమి యందురేమో! అంత దూరమున ఒక్క డిగ్రీ యనగా 600 కిలోమీటర్లకు పైమాట.

పిల్లలు ఒంటరిగా మిద్దె యెక్కరాదు. పిట్టగోడ లేని మిద్దెపైనను, కరెంటు తీగల దాపునను, వానలోను, ఉరుము వినబడునప్పుడును ఈ పని తలపెట్టనే రాదు. పెద్దవారొకరు ప్రక్కన నుండవలెను. తెలుగు వార్తలు ఒకనాడు వినకున్న నష్టము లేదు.

మా యభిప్రాయమునకు వచ్చు ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. సెల్‌ఫోనులో దిక్సూచి యున్నది గదా యని యొకరందురు. ఉన్నది. కాని అదియు అయస్కాంతమును కొలుచునదే. ఇనుము దానినిని మోసగించును. ఫోను అంకె చెప్పును. ఆ అంకె ఎందుకు వచ్చినదో చెప్పదు. తెలిసినవాని చేతిలో ఫోను మంచి పనిముట్టు. తెలియనివాడు అది తప్పు చెప్పినను తలయూపును. మెకానిక్కు ఉండగా మనకేల యని మరియొకరందురు. ఆతని పనికి ఆతనికి కూలి యిచ్చుట న్యాయమే. క్రొత్త డిష్షు నాటుటకు ఆతనినే పిలువుడు. గాలికి తిరిగిన డిష్షును మరల త్రిప్పుటకు ఒక దినపు కూలి పోగొట్టుకొనలేని యిండ్లు మనలో పెక్కు గలవు. ఇంటర్నెట్టు ఉన్నవారికి డిష్షు అక్కరలేదనుట నిజము. లేనివారికి, నెలనెల రుసుము కట్టలేనివారికి ఈ వ్యాసము. టెలివిజను చదువు చెరచునను తల్లిదండ్రుల మాటను మేము కొట్టివేయము. గంటల తరబడి పెట్టె ముందు కూర్చుండుమని మేము చెప్పుట లేదు. ఇంటిలో తెలుగు బొత్తిగా వినబడని దినము రాకూడదని మాత్రమే కోరుచున్నాము.

అన్నిటికంటె గట్టి ఆక్షేపణ యింకొకటి గలదు. పిల్లను చేర్పింపవచ్చిన తండ్రి యొకరు మాతో, "తెలుగులో సైన్సు చదివి ఏం చేస్తారండీ?" అనెను. ఆనాడు మాకు మంచి జవాబు తోచలేదు. నేడు చెప్పగలము. దిగంశము, ఉన్నతాంశము, దిక్పాతము అను మాటలు తెలుగులో నేర్చిన బాలుడు తెలుగులోనే ఆలోచించి, మిద్దె యెక్కి, ఆకాశమున 36 వేల కిలోమీటర్ల దూరముననున్న వస్తువును పట్టి, అవ్వకు వార్తలు వినిపించెను. సైన్సు ఏ భాషలో చదివినను ఆకాశము వేరు కాదు. అర్థమైన భాషలో చదివిన చేతికి వచ్చును.

మరియు ఇది మన భాషకు క్రొత్త సంగతి కాదు. నుంగంబాకములోని వాతావరణ కేంద్రపు ఆవరణలో 1792 నాటి మద్రాసు నక్షత్రశాల నల్లరాతి స్తంభము నేటికిని నిలిచియున్నది. ఈ నగరపు రేఖాంశమును కొలిచినది ఆ శాలలోనే. ఆ స్తంభముపై లాటినుతోబాటు తమిళమునను తెలుగునను శాసనము చెక్కించిరి. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బోధన కార్యక్రమములు ప్రసారమైనప్పుడు, ఆ ప్రసార భాషలలో తెలుగొకటి. ఆ ఉపగ్రహము ఆఫ్రికాకు మీదుగా నుండుటచే నాటి ఆంధ్ర గ్రామముల డిష్షులు పడమటివైపునకు చూచెను. నేటి మన డిష్షులు ఆగ్నేయమునకు చూచుచున్నవి. 1938లో మద్రాసు రేడియో కేంద్రము ఆరంభమైనప్పుడు తెలుగు జిల్లాలు ఈ నగరపు గొంతునే వినెను. బెజవాడ కేంద్రము వచ్చినది 1948లో. ఒకప్పుడు తెలుగును పంపిన ఊరు ఇప్పుడు తెలుగును అందుకొనుచున్నది. అందుకొనుట చేతకాకపోవుట మాత్రము మనకు తగదు.

తుదకు మా మనసులోని మాట. ఆ తొమ్మిదవ తరగతి పిల్లవాని ప్రశ్న డిష్షుతో ఆగలేదు. మేము ఇచ్చటికి వచ్చిన క్రొత్తలో పిల్లలు "మిద్దె" అనిన "డాబా అనుము" అని దిద్దితిమి; "అవ్వ" అనిన "అమ్మమ్మ అని వ్రాయుము" అంటిమి. వారి యింటి యాసను తప్పని యెంచితిమి. తరగతిలో నోరు విప్పుటకు జంకిన పిల్లలను తెలుగు రానివారని తలచితిమి. అవియును మా బెజవాడ అంకెలే. మిద్దెయు అవ్వయు నిక్కమైన తెలుగు మాటలు. ఈ నేలమీద తరతరములుగా పలికినవి. పిల్లలు 2006 నాటి చట్టము వచ్చిన పిదప తమిళమును పాఠముగా చదువుచున్నారు, చదువుట మేలే. పొరుగువాని భాష తెలియుట మనము నిలిచిన చోటును తెలిసికొనుటలో భాగము. అయినను మూడు భాషల నడుమ పెరుగు బాలునికి, తెలుగు తప్ప వేరొకటి వినబడని ఊరి బాలునికి చెప్పినట్లే పాఠము చెప్పిన అందదు. గమ్యమొక్కటే, గురి వేరు. ఇది తెలియుటకు మాకు కొన్నేండ్లు పట్టినది. ఆ నడుమ మా దిద్దుబాట్లకు నొచ్చుకొని మాటలాడుట మానిన పిల్లలను తలచుకొన్నప్పుడు మాకు బాధ కలుగుచున్నది.

పాఠశాల యాజమాన్యమునకు మా మనవి యొక్కటే. ప్రయోగశాలకు పది దిక్సూచులు కొనిపెట్టుడు. శనివారము ఒక గంట యిచ్చుట. భౌతికశాస్త్రము చెప్పువారును, గణితము చెప్పువారును, తెలుగు చెప్పు మేమును కలిసి ఆ పాఠము నడిపెదము. తల్లిదండ్రులకు మనవి: పిల్లలు దిక్సూచి యింటికి తెచ్చిన నాడు వారితో మిద్దె యెక్కుడు; "నీకేమి తెలియును" అనకుడు. విద్యార్థులారా, మీతో చెప్పవలసినది స్వల్పము. ఎవరైన అంకెలు చెప్పినప్పుడు, చెప్పినవాడు మీ పంతులే అయినను, "అయ్యా, ఈ అంకెలు ఏ ఊరివి?" అని మర్యాదగా అడుగుడు. సంకోచింపకుడు.